గ్రేడు ఉంది, టీచర్ లేడు: బడి తెరవకముందే అడగాల్సిన మాట

  

పోస్టు పొడుగ్గానే ఉంటది, జర ఓపికతో చివరిదాకా చదవండి. జనగామ, మానుకోట, భూపాలపల్లి జిల్లాల తండాల నుంచి, గూడేల నుంచి వచ్చి ఒకే హాస్టల్ల ఉంటున్న మేము కొందరం కూర్చుని మాట్లాడుకొని ఇది రాస్తున్నం. మాలో ఎక్కువమందిమి మా ఇండ్లల్ల మొదటిసారి కాలేజీ మెట్టెక్కినోళ్లం. బడి గురించి మాట్లాడే హక్కు మాకు పుస్తకాలతోని రాలేదు, బడిల బతికి వచ్చింది.

ముందు ఒక పని చేయండి. పెట్టెల దాచిన పదో తరగతి మెమో తీయండి. మార్కుల గ్రేడుల కింద కో కరిక్యులర్ అని ఇంకో డబ్బా ఉంటది. విలువల విద్య, కళా సాంస్కృతిక విద్య, పని కంప్యూటర్ విద్య, వ్యాయామ ఆరోగ్య విద్య అని నాలుగు వరుసలు. రెండో వరుస చూడండి. కళల మీకు గ్రేడు వచ్చింది. మాకూ వచ్చింది. మా దగ్గర కూర్చున్న అందరి మెమోల్లో మంచి గ్రేడే ఉంది.

ఇప్పుడు అడగండి. ఆ గ్రేడు ఇచ్చిన సారు ఎవరు? ఆ మేడమ్ పేరేంటి? ఏ రోజు, ఎన్నో పీరియడ్‌ల పాఠం చెప్పిండ్రు? మాలో ఒక్కరు కూడా జవాబు చెప్పలేకపోయిండ్రు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఐదేండ్లు మాకు ఆర్ట్ టీచర్ మొఖం తెల్వదు. టైంటేబుల్ల ఆర్ట్ అని రాసి ఉన్న పీరియడ్‌ల లెక్కలు చెప్పిండ్రు, లేదంటే సప్పుడు చేయకుండా చదువుకోమన్నరు, లేదంటే గ్రౌండ్‌ల రాళ్లు ఏరిపిచ్చిండ్రు. బడి పేరు రాయం. ఒక్క బడి పేరు రాస్తే మిగతా బడులు తప్పించుకుంటయి.

లెక్కల టీచర్ లేకుండా లెక్కల గ్రేడు వేస్తే పేపర్ల వార్త అయితది. కళల వేస్తే ఎవరికీ పట్టదు. ఎందుకంటే కళ అంటే పైసలున్నోళ్ల పిల్లల ముచ్చట అని, గిరిజన పిల్లలకు అన్నం, దుప్పటి, పాస్ మార్కులు చాలని మన గురించి వేరేవాళ్లు ఎప్పుడో తీర్పు చెప్పి పెట్టిండ్రు. మా కోపం ఆ తీర్పు మీద.

చట్టం ఏం చెప్తదో తెలుసుకుందాం. విద్యాహక్కు చట్టం 2009ల వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని షెడ్యూల్‌ల స్పష్టంగ రాసి ఉంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఉన్న బడిల వంద మంది కంటే ఎక్కువ పిల్లలుంటే కళా విద్యకు ఒకరు, ఆరోగ్య వ్యాయామ విద్యకు ఒకరు, పని విద్యకు ఒకరు పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టర్లు ఉండాలె. ఇది ఎవరి దయ కాదు. తాగే నీళ్లు, మరుగుదొడ్లు ఏ షెడ్యూల్‌ల ఉన్నయో, కళా టీచర్ కూడా అదే షెడ్యూల్‌ల ఉన్నడు. అంతకుముందే 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం కళలను పదో తరగతి దాకా తప్పనిసరి సబ్జెక్టు చేయాలని చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం సైన్స్, ఆర్ట్స్ మధ్య గట్టి గోడలు వద్దన్నది. కాయితం మీద మనకు లోటు లేదు.

ఆ చట్టంల కూడా మెలిక ఉంది, అది కూడా చెప్పాలె. వంద మంది దాటితేనే టీచర్ అంటే తండా బడి, గూడెం బడి ఎట్ల దాటుతది? పెద్ద ఊరి బడికి దొరికే హక్కు చిన్న గూడేనికి దొరకదు. ఒకటి నుంచి ఐదు దాకా చదివే పిల్లలకు ఆ లైను వర్తించనే వర్తించదు. అది కూడా పార్ట్‌టైం. పార్ట్‌టైం అంటే జూన్‌ల వచ్చేది గ్యారంటీ లేదు, ఏప్రిల్ తర్వాత ఉండేది గ్యారంటీ లేదు. పిల్లల పేర్లు నేర్చుకునేసరికి ఏడాది అయిపోతది. ఆ కొద్ది జీతానికి పనిచేసే ఇన్‌స్ట్రక్టర్లను మేము ఒక్క మాట అనం. వాళ్లు కూడా మనలాంటోళ్లే. పిల్లల కళను పార్ట్‌టైం అనుకునే ఆలోచననే మేము తప్పు పడుతున్నం.

గురుకులాలల్ల కొంత నయం. గురుకుల నియామక బోర్డు 2023ల ఆర్ట్, క్రాఫ్ట్, మ్యూజిక్ టీచర్ పోస్టులకు కూడా నోటిఫికేషన్ ఇచ్చింది. ఏకలవ్య పాఠశాలల నియామకాలల్ల ఆర్ట్ టీచర్ పోస్టు ఉంది. మంచిదే. మరి ఆశ్రమ పాఠశాల పిల్ల ఏం పాపం చేసింది? ఎంట్రెన్స్ రాసి గురుకులం సీటు తెచ్చుకున్న పిల్లకు రంగులు, సీటు రాని పిల్లకు రాళ్లు ఏరుడా? ఇద్దరూ ఒక్క తండా పిల్లలే.

ఇగ గోడల ముచ్చట. ఈ మధ్య మన హాస్టళ్లకు, ఆఫీసులకు రంగులేసి "ట్రైబల్ ఆర్ట్" అని బొమ్మలు గీస్తున్నరు. ఎర్రమట్టి రంగు మీద తెల్ల గీతలు, మూడు కోణాల ఒళ్లు, గుండ్రంగ తిరుగుతూ నాట్యం చేసే మనుషులు. చూడసక్కగ ఉంటయి. కానీ అవి వార్లీ బొమ్మలు. మహారాష్ట్రల ముంబైకి ఉత్తరాన ఉన్న వార్లీ ఆదివాసీలవి. ఆ కళను ప్రపంచానికి చూపించిన జివ్యా సోమా మాశేకు 2011ల పద్మశ్రీ వచ్చింది. వార్లీలంటే మాకు ప్రేమే, గౌరవమే. కానీ కోయ పిల్లలు, లంబాడ పిల్లలు, నాయకపోడ్ పిల్లలు పండుకునే గోడ మీద నెట్ల నుంచి దించిన వార్లీ బొమ్మ గీసి "ఇది మీ సంస్కృతి" అని చెప్తే దాన్ని ఏమనాలె? అందరు గిరిజనులు ఒక్కటే లెక్క అనుకున్నరు. పెయింటర్‌ది తప్పు కాదు, అతనికి ఇచ్చిన ఫొటో అది. ఆ బిల్డింగ్‌ల ఒక్క ఆర్ట్ టీచర్ ఉంటే, "సార్, ఈ పిల్లల బొమ్మలు వేరే ఉన్నయి" అని చెప్పేటోడు.

మన బొమ్మలు ఏవో మనమే ఒకసారి లెక్కపెట్టుకుందాం.

కోయలకు పడిగె ఉంది. ఒక్కో గట్టుకు, ఒక్కో ఇంటిపేరుకు తన ఇలవేల్పు, తన పుట్టుక కథ ఉంటది. ఆ కథ అంతా పొడుగాటి మూడు కోణాల గుడ్డ మీద బొమ్మలుగ కుట్టి ఉంటది. డోలీ కళాకారులు దాన్ని విప్పి డోలు కొట్టుకుంట వంశం కథ చెప్తరు. రాత రాని రోజులల్ల అదే మన చరిత్ర పుస్తకం. సమ్మక్క సారలమ్మ కథను డోలు మీద చెప్పిన మణుగూరు దిక్కు సకిని రామచంద్రయ్య గారికి 2022ల పద్మశ్రీ ఇచ్చిండ్రు. ఆయన పోయిండ్రు. ఆయన తెలిసిన కథలు ఎంతమంది పిల్లలకు తెలుసు?

నాయకపోడ్‌లకు లక్ష్మీదేవర ఉంది. గుర్రం తలను నెత్తికెత్తుకొని ఆడుతుంటే ఊరంతా లేచి నిలబడతది. అది శిల్పం, రంగు, నాటకం, మొక్కు, నాలుగూ కలిసిన కళ.

లంబాడలకు సూది ఉంది. ఫేటియా, కాంచళి మీద అద్దాలు, గవ్వలు, పూసలు, కుట్టు మీద కుట్టు. కొలబద్ద లేకుండ, పెన్సిల్ గీత లేకుండ, ఎడమ పక్క ఎట్లుందో కుడి పక్క అట్లే వచ్చేటట్టు మా నాయనమ్మలు కుట్టిండ్రు. అది సౌష్ఠవం అని మాకు లెక్కల పుస్తకంల చెప్పిండ్రు, కానీ ఆ పాఠంల సీతాకోకచిలుక బొమ్మ పెట్టిండ్రు. నాయనమ్మ కాంచళి పెట్టలేదు. ఎరుకలోళ్ల బుట్టల అల్లికలు, గోండుల గుస్సాడీ నెమలి ఈకల టోపీలు ఇంకా చెప్పనే లేదు.

భూపాలపల్లి జిల్లాల పాండవుల గుట్ట ఉంది. 1990ల అక్కడ ఆదిమ మానవుల బొమ్మలు బయటపడ్డయి. దున్నలు, జింకలు, పులి, ఎర్ర రంగుతోని రాతి మీద వేల ఏండ్ల నుంచి అట్లే ఉన్నయి. ఆ గుట్టకు బస్సు దూరంల ఉన్న బడిల పిల్లకు రంగుల డబ్బా లేదు. జనగామ పక్కన పెంబర్తి ఉంది, అక్కడి ఇత్తడి పని కాకతీయుల కాలం నుంచి వస్తున్నదని చెప్తరు. మానుకోట దిక్కు పెనుగొండల 1924ల పుట్టిన కొండపల్లి శేషగిరిరావు శాంతినికేతన్‌ల నందలాల్ బోస్ దగ్గర నేర్చుకొని, హైదరాబాద్‌ల ఎంతోమందికి బొమ్మలు నేర్పిన గురువు అయిండు. ఈ మట్టికి కళ కొత్త కాదు. ఈ మట్టి బడులల్లకే కళ రాలేదు.

మానుకోట జిల్లాల మూడో వంతుకు పైగా జనం మనమే. మరి ఆ జిల్లా బడులల్ల మన బొమ్మ ఎక్కడ కనపడ్తది? ఆగస్టు 9న కనపడ్తది. ఆదివాసీ దినోత్సవం వస్తే కొమ్ములు, డోళ్లు, ఫేటియాలు, కిరాయి బట్టలు. రెండు రోజుల ప్రాక్టీస్, ఒక పూట డాన్స్, పెద్దసార్లతోని ఫొటో. 10వ తారీఖు నుంచి మళ్లీ అదే బడి, అదే గోడ. స్టేజీ మీద మన కళ ముద్దు, టైంటేబుల్‌ల మాత్రం బరువు. మేము అలంకారం కాదు. తోరణాల లెక్క ఒక్క రోజు కట్టి విప్పేసేటోళ్లం కాదు.

ఇప్పుడు మనవాళ్లే అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలె. ఈ గ్రూపుల కూడా ఇదివరకు వచ్చినయి.

ఒకటి. "సైన్స్ టీచరే లేడు, మీకు డ్రాయింగ్ టీచర్ కావాల్నా?" సైన్స్ టీచర్ కూడా కావాలె, డ్రాయింగ్ టీచర్ కూడా కావాలె. ఆకలైనోడికి అన్నమా, నీళ్లా అని అడుగుతరా? మన పిల్లలకు ఎప్పుడూ రెండిట్ల ఒకటి ఏరుకోమని చెప్పుడే అసలు అన్యాయం. పట్నంల ప్రైవేటు బడి వాళ్లను ఎవరన్న ఈ ప్రశ్న అడిగిండ్రా? వాళ్లకు డ్రాయింగ్, డాన్స్, స్కేటింగ్, కరాటే అన్నీ ఉండంగనే ఐఐటీ సీట్లు కూడా వస్తున్నయి.

రెండు. "బొమ్మలు కూడు పెడ్తయా?" పెడ్తయి. కాకపోతే ఆ కంచం దగ్గరికి పోయే తొవ్వ మనకు ఆరో తరగతిలనే మూసేసిండ్రు. జేఎన్‌ఏఎఫ్‌ఏయూల బీఎఫ్‌ఏ సీటు కావాలంటే ఎంట్రెన్స్‌ల బొమ్మ గీయాలె. ఆర్కిటెక్చర్‌కు నాటా రాయాలంటే గీయాలె. ఐఐటీల డిజైన్ డిగ్రీకి యూసీడ్ ఉంది, అందుల డ్రాయింగ్ ప్రశ్న ఉంటది. హైదరాబాద్ ఐఐటీల కూడా ఆ కోర్సు ఉంది. మాదాపూర్ నిఫ్ట్‌ల చేరాలంటే సృజన పరీక్ష ఉంటది. కేంద్ర సంస్థలల్ల ఎస్టీలకు 7.5 శాతం సీట్లు, రాష్ట్రంల 10 శాతం. రిజర్వేషన్ గేటు తీసి పెట్టింది. కానీ ఆ గేటు దాకా నడిపిచ్చే మనిషి లేడు. పెన్సిల్ ఎన్ని రకాలుంటదో తెల్వని పిల్ల ఆ పరీక్ష హాల్ల కూర్చుని ఏం చేయాలె? ఇంటర్ అయిపోయినంక ఈ కోర్సుల పేర్లు వినుడు అంటే బస్సు పోయినంక టైం తెలుసుకున్నట్టే. కాంచళి కుట్టే ఇంటి పిల్లకు ఫ్యాషన్ డిజైన్ సీటు రాదు, కాంచళి డిజైన్ కాపీ కొట్టి షోరూంల అమ్మేటోళ్లకు వస్తది.

మూడు. "యూట్యూబ్‌ల చూసి నేర్చుకోవచ్చు గద." హాస్టల్ల ఫోన్ ఉంటే గుంజుకుంటరు. ఇగ యూట్యూబ్ ఎక్కడిది?

నాలుగు. ఇది కొంచెం కష్టమైన ప్రశ్న. "టీచర్ వస్తే మాత్రం ఏం చెప్తడు? రెండు కొండల నడుమ సూర్యుడు, ఒక గుడిసె, ఒక కొబ్బరి చెట్టు." ఇది నిజమే. ఏజెన్సీల కొబ్బరి చెట్టు ఎక్కడుంది? ఇప్పపువ్వు చెట్టు గీయమన్న సారు మాకు దొరకలేదు. అందుకే మేము టీచర్ కావాలె అని మాత్రమే అడుగుతలేం. ఎసుంటి టీచర్ కావాలె అని కూడా అడుగుతున్నం.

ఆస్ట్రేలియాల ఒక ముచ్చట జరిగింది. పపున్యా అని ఎడారి నడుమ ఆదివాసీల వలస శిబిరం ఉండె. 1971ల అక్కడి బడికి జెఫ్రీ బార్డన్ అని ఒక ఆర్ట్ టీచర్ వచ్చిండు. పిల్లలు సినిమాలల్ల చూసిన కౌబాయ్‌ల బొమ్మలు గీస్తున్నరు. కానీ ఇసుకల ఆడుకునేటప్పుడు వేళ్లతోని వేరే గీతలు గీస్తున్నరు. ఆయన అది చూసి, మీ గీతలే గీయండి అన్నడు. అది చూసి ఊరి పెద్దమనుషులు ముందుకొచ్చిండ్రు. బడి గోడ మీద తేనెచీమ కథను వాళ్లే పెద్ద బొమ్మగ గీసిండ్రు. మరుసటి ఏడాది 1972ల ఆ కళాకారులే సొంత సంస్థ పెట్టుకున్నరు. ఇయ్యాల ఆ బొమ్మలు ప్రపంచంల పెద్ద పెద్ద మ్యూజియంలల్ల ఉన్నయి. ఇంకో సంగతి కూడా ఉంది. 1974ల అధికారులు ఆ గోడకు రంగేసి తేనెచీమను మాపేసిండ్రు. గోడ పోయింది, కళ మాత్రం ఆగలేదు. ఒక్క టీచర్ కొత్త ఏడాది మొదట్ల పిల్లల చేతుల దిక్కు చూసినందుకు ఇంత జరిగింది.

దూరం పోవుడెందుకు, మన ఆసిఫాబాద్ జిల్లా మార్లవాయిలనే 1940లల్ల హైమెన్‌డార్ఫ్ గోండు పిల్లలకు వాళ్ల భాషల చదువు మొదలుపెట్టిండు, గోండు యువకులనే టీచర్లుగ తయారు చేసిండు. పిల్లల దగ్గర ఉన్నదాని నుంచి చదువు మొదలు కావాలన్నది కొత్త ఆలోచన కాదు. మనకే కొనసాగనియ్యలేదు.

అందుకే, జూన్ 12న బడి తెరిచినప్పుడు కొత్తగ వచ్చే ఆర్ట్ సార్లకు, మేడమ్‌లకు మా మాట ఇది. మొదటి వారం చార్టులు కొనుక్కరమ్మని చెప్పకండి, మా దగ్గర పైసలుండవు. మీ ఇంట్ల గోడ మీద ఏం గీస్తరు, మీ అమ్మమ్మ బట్టల మీద ఏముంది, మీ జాతరల ఏ బొమ్మ ఎత్తుకుంటరు అని అడగండి. బొగ్గు, ఎర్రమట్టి, సున్నం, పసుపు ఊర్ల దొరుకుతయి. పిల్లలు మాట్లాడకపోతే విసుక్కోకండి, ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు మరి. ఒక్కటి మాత్రం యాదుంచుకోండి. పడిగె, ఇలవేల్పు మాకు మొక్కులు. వాటిని హోంవర్క్ చేయకండి. ఏది గీయొచ్చు, ఏది గీయొద్దు అని ముందు మా పెద్దలను అడగండి. అడిగితే వాళ్లు కాదనరు, బడికి వచ్చి కూర్చుంటరు.

ప్రభుత్వానికి మా డిమాండ్లు నాలుగే.

1. ప్రతి ఆశ్రమ పాఠశాలల, గిరిజన సంక్షేమ బడిల పిల్లల సంఖ్యతోని సంబంధం లేకుండ కళా టీచర్ ఉండాలె. చిన్న బడులకు రెండు మూడిటికి కలిపి ఒకరైనా సరే, కానీ జూన్‌లనే రావాలె, పన్నెండు నెలల జీతం ఇయ్యాలె.

2. డోలీ కళాకారులను, కాంచళి కుట్టే అమ్మలను, బుట్టలల్లే ఎరుకల పెద్దలను గౌరవ వేతనంతోని బడికి పిలవాలె. స్థానిక కళలు తెలిసినోళ్లను మాస్టర్ ఇన్‌స్ట్రక్టర్లుగ పెట్టుకోవచ్చని 2020 విద్యా విధానంలనే ఉంది. సర్టిఫికెట్ కావాలంటే పద్మశ్రీ వచ్చిన రామచంద్రయ్య గారు కూడా మన బడిల పాఠం చెప్పలేకపోదురు. గసుంటి నిబంధన ఎవరి కోసం?

3. టీచర్ లేని బడిల కళకు గ్రేడు వేసుడు బంద్ చేయాలె. ఆ డబ్బాల "టీచర్ లేడు" అని రాయాలె. అప్పుడన్న పైనోళ్లకు కనపడ్తది.

4. మన బడుల గోడల మీద మన బొమ్మలే ఉండాలె, మన పిల్లలు, మన కళాకారులు గీయాలె. ఆ పెయింటింగ్ పైసలు వాళ్లకే రావాలె.

ఇగ మన పని. లైక్ కొట్టి పోకండి. స.హ. చట్టం 2005 కింద ఒక తెల్లకాయితం, పది రూపాయలు చాలు. మీరు చదివిన బడి గురించి మూడు ప్రశ్నలు అడగండి. మా బడిల కళా విద్య పోస్టు ఉందా? పోయిన మూడేండ్లల్ల ఆ పీరియడ్ ఎవరు చెప్పిండ్రు? టెన్త్ మెమోల కళా గ్రేడు ఎవరి రికార్డు చూసి వేసిండ్రు? ముప్పై రోజులల్ల జవాబు ఇయ్యాలె. జవాబు రాకపోతే అప్పీలు ఎట్ల వేయాలో మాలో ఒకరిద్దరికి తెలుసు, సాయం చేస్తం.

తండాల ఉన్నోళ్లు అమ్మానాయనలతోని మాట్లాడండి. బడి యాజమాన్య కమిటీల నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని విద్యాహక్కు చట్టం చెప్తది. జూన్‌ల మొదటి మీటింగ్‌లనే "మా బడికి కళా టీచర్ కావాలె" అని తీర్మానం రాపిచ్చి, వేలిముద్ర అయినా సరే వేపిచ్చి, నకలు ఐటీడీఏ ఆఫీసుల ఇచ్చి ముద్ర వేసిన రసీదు తెచ్చుకోండి. ఏటూరునాగారం దూరమైతే నలుగురు కలిసి పోండి.

బయట మన పెద్దల మధ్య పంచాయితీలు ఏమున్నా, మా హాస్టల్ గదుల కోయ, లంబాడ, నాయకపోడ్, ఎరుకల పిల్లలం ఒక్క ట్యూబ్‌లైట్ కిందనే చదువుకుంటున్నం. ఈ డిమాండ్ల విషయంల మాకు పంచాయితీ లేదు. మా తర్వాత వచ్చే తమ్ముళ్లు చెల్లెళ్లు తమ బొమ్మ తాము గీసుకోని బడిల చదవొద్దు.

మీ జిల్లా, మీ మండలం, మీరు చదివినప్పుడు ఆర్ట్ టీచర్ ఉండేనా లేదా, ఈ మూడు ముక్కలు కింద రాయండి. బడి పేరు అక్కర్లేదు. లెక్క తయారైనంక అందరి తరఫున వినతిపత్రం మేమే రాస్తం, కలిసే తీసుకపోదాం.

జోహార్ కొమురం భీం. జై ఆదివాసీ, జై గిరిజన విద్యార్థి ఐక్యత.